బాటిల్ అయిపోతే పిలిచే కొక్కెం

అక్కని వార్డులోంచి తీసేసి బట్టల గదికి పంపిన రోజు పెద్ద డాక్టరు చేసిందల్లా తన పెన్ను మూత తీసి మళ్లీ పెట్టడం. అంతకుమించి ఆయన ఏ పాపమూ ఎరగడు. అబద్ధం చెప్పలేదు, వేలెత్తి చూపలేదు, గొంతు పెంచలేదు. అడిగినప్పుడు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

అంతకుముందు ఒక మధ్యాహ్నం సర్జరీ వార్డులో అక్క ఒక్కతే నర్సు. రెండో సిస్టర్ జ్వరమొచ్చి సెలవు పెట్టింది. పెద్ద డాక్టరు హడావిడిగా వచ్చి, థియేటర్లో రక్తం కావాలి, తెచ్చేవాడు కనపడట్లేదు, నువ్వే వెళ్లు అన్నాడు.

"వార్డులో ఎవరూ లేరు సార్" అంది అక్క.

"నేను లేనా?" అన్నాడాయన.

అక్క పరిగెత్తింది. బ్లడ్ బ్యాంకు వేరే బిల్డింగులో ఉంది. రక్తం సంచి థియేటర్లో ఇచ్చి తిరిగొచ్చేసరికి వార్డులో ఆయన లేడు. కిటికీ పక్క మంచం మీది ముసలాయన సెలైన్ బాటిల్ ఖాళీ అయిపోయి ఉంది. బాటిల్ ఖాళీ అయితే ఒంట్లో రక్తం ట్యూబులోకి వెనక్కి ఎక్కుతుంది, ఎక్కిన రక్తం గడ్డకడుతుంది, ఇక ఆ సూది పనికిరాదు. ముసలాయన నరాలు అసలే సన్నం. ఇంకో నరం దొరకడానికి రెండు చేతులూ పొడిచి పొడిచి నల్లగా కమిలిపోయాయి. పడాల్సిన మందు సాయంత్రం దాకా పడలేదు. ఆయన కొడుకు హాస్పిటల్ పీకి పందిరేశాడు.

విచారణలో అక్క ఉన్నదున్నట్టు చెప్పింది. అందరూ పెద్ద డాక్టరు వైపు చూశారు. ఆయన పెన్ను మూత తీశాడు, పెట్టాడు. "ఆ రోజు చాలా పని ఉంది. నాకు గుర్తులేదు" అన్నాడు. అక్కని నేలమాళిగలో దుప్పట్లు మడతపెట్టే గదికి మార్చారు. ఉద్యోగం ఉంచారు, ఒంటిమీద తెల్ల డ్రస్సు మాత్రం ఉంచలేదు.

ఆ సంగతి విన్న దగ్గర్నుంచి తమ్ముడికి కాలు నిలవడం మానేసింది. వాడికి ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే కొట్టు ఉంది. గల్లా పక్కనే పుస్తకాల కుప్ప, పాత కాగితాల వాడి దగ్గర తూకానికి కొన్నవి. ఏది చేతికొస్తే అది చదివేవాడు. చదివిన కొద్దీ లోకం మీద ఒళ్లు మండేది. వైండింగు చుడుతూ చుడుతూ మధ్యలో లేచి, రోడ్డు చివరిదాకా వెళ్లి, ఎందుకెళ్లాడో తెలియక వెనక్కి వచ్చేవాడు. సగం విప్పిన ఫ్యాన్లు బల్ల మీద కుప్పపడ్డాయి.

సాయంత్రాలు అక్క ఇంటికి వెళ్లి అదే పాట. "కేసు వేద్దాం. పేపర్‌కి చెబుదాం. ఆయన ఇంటి ముందు కూర్చుందాం."

"కూర్చుని ఏం చేస్తావ్, వాళ్ల ఫ్యాను బాగుచేస్తావా?" అనేది అక్క. "స్క్రూ, ముందు ఆ కుర్చీలో కూర్చో. నువ్వు అలా అటూ ఇటూ తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి." చిన్నప్పుడు ఇంట్లో గడియారాలు విప్పేసి ఒక స్క్రూ మిగిల్చేవాడని వాడికి ఆ పేరు పెట్టింది ఆవిడే. మరెవరైనా అలా పిలిస్తే పళ్లు నూరేవాడు.

అక్క శాంతమూర్తి ఏమీ కాదు. కోపం వస్తే గిన్నెలు మాట్లాడేవి. మొగుడితో పట్టింపు వస్తే వారం రోజులు ఉలుకూ పలుకూ ఉండేది కాదు. కూరల దగ్గర బేరమాడి, బేరం కుదిరాక ఇంకో రెండు మిరపకాయలు లాక్కునే రకం. బట్టల గదిలో కూడా మొదటి నెలలోనే చాకలి కాంట్రాక్టరుతో తగువు పెట్టుకుని, చిరిగిన దుప్పటి వార్డుకి వెళ్లకుండా అడ్డుపడింది. కానీ ఆ ముసలాయన మాట వస్తే మాత్రం గొంతు మారేది. "డాక్టరు సంగతి వదిలేయ్. ఆ చేతులు చూశావా నువ్వు? నేను చూశాను" అనేది.

వదిలేయడం తమ్ముడికి చేతకాని పని.

ఒక ఆదివారం కొట్టుకి వచ్చింది. బల్ల మీద కూరలవాడి వేలాడే కాటా ఉంది, స్ప్రింగు బాగుచేయమని ఇచ్చి వెళ్లాడు. అక్క దాని కొక్కేనికి మంచినీళ్ల సీసా తగిలించింది. ముల్లు కిందికి దిగింది. సీసా తీసి ఇన్ని నీళ్లు తాగి మళ్లీ తగిలించింది. ముల్లు కాస్త పైకి వచ్చింది. ఇంకొంచెం తాగింది. కడుపు నిండినా ఆపలేదు.

"దాహమా, పందెమా?" అన్నాడు తమ్ముడు.

"ఒరేయ్, సెలైన్ బాటిల్ కూడా ఇంతే కదా. అయిపోయే కొద్దీ తేలికవుతుంది. ఈ కొక్కెం పైకి లేస్తుంది. లేచి లేచి ఒకచోట తగిలితే గంట మోగేలా చేయలేవూ?"

చేతిలోని స్క్రూడ్రైవర్ అలాగే ఆగింది. చాలా రోజుల తర్వాత వాడు ఒకే చోట నిలబడ్డాడు.

అప్పటి నుంచి అక్క ఇల్లు ఇల్లు కాదు. బట్టలు ఆరేసే తీగకి సెలైన్ బాటిళ్లు, కింద బకెట్లు, టప్ టప్ మని చుక్కలు. పాత కాలింగ్ బెల్లు ఒకటి గోడకి కొట్టారు. కొక్కెం పైకి లేస్తే స్విచ్చి నొక్కుకుంటుంది, బెల్లు మోగుతుంది, బొమ్మకారులోంచి తీసిన బుల్లి మోటారు తిరిగి ట్యూబుని గట్టిగా నొక్కి పట్టేస్తుంది. అలా నొక్కితే రక్తం వెనక్కి ఎక్కదు. ఆ మోటారు ఆలోచన తమ్ముడిది. ఎంత గట్టిగా నొక్కాలో చెప్పింది అక్క, ట్యూబుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూపించి.

బావ పేపర్ మీద నుంచి తల ఎత్తేవాడు. "మన ఇంట్లో రోగులు లేరు గానీ వార్డు మాత్రం ఉంది" అనేవాడు. ఫ్యాను గాలికి బాటిల్ ఊగి బెల్లు మోగితే, "వెళ్లవే, నీ పేషెంటు పిలుస్తున్నాడు" అనేవాడు. ఆ ఊగుడుకే వాళ్ల తల బొప్పి కట్టింది. చివరికి బెల్లు వెంటనే మోగకుండా, కొక్కెం కాసేపు పైనే నిలిస్తేనే మోగేలా తమ్ముడు చిన్న సర్క్యూట్ పెట్టాడు.

ముందు పెద్ద సిస్టర్‌కి చూపించారు. హాస్పిటల్లో నర్సులందరి మీదా పెద్ద ఆవిడే, ఆనాటి విచారణలో అక్క వైపు జాలిగా చూసినదీ ఆవిడే. హాస్పిటల్ మెషిన్లు చూసుకునే ఇంజనీరు వారం రోజులు తన గదిలో పెట్టుకుని, కరెంటు కొట్టదు, మంట రాదు, ఊడి మీద పడదు అని తేల్చాడు. సర్జరీ వార్డులో కొన్ని మంచాలకి పెట్టి చూడమన్నారు.

"ఇది నిలబడితే నిన్ను వార్డుకి తెమ్మని నేనే అడుగుతాను. మిగతా సిస్టర్లకి నేర్పడానికి ఎవరో ఒకరు కావాలిగా" అంది పెద్ద సిస్టర్.

అక్క తలూపి ఊరుకుంది. తమ్ముడు మాత్రం ఆ మాటని జేబులో పెట్టుకుని తిరిగాడు. అక్క మళ్లీ తెల్ల డ్రస్సులో వార్డులోకి నడిచొస్తుంటే పెద్ద డాక్టరు పక్కకి తప్పుకోవడం, అది చూడాలి వాడికి. కళ్లారా చూడాలి. రోజూ పొద్దున్నే కొట్టు తీయకముందు హాస్పిటల్‌కి వెళ్లి కొక్కేలు తుడిచి, బ్యాటరీలు చూసి వచ్చేవాడు. పని లేకపోయినా వెళ్లేవాడు. వార్డు సిస్టర్లకి కొక్కేలు నచ్చాయి. వాళ్లలో చిన్నదాన్ని బక్క సిస్టర్ అనేవాళ్లు, గాలొస్తే మంచం పట్టుకోవాలేమో అన్నట్టుండేది. "అన్నా, దీనికి టీ తెచ్చే బెల్లు కూడా పెట్టు" అని నవ్వేది. అక్క భోజనం విరామంలో పైకి వచ్చేది గానీ గుమ్మం దాటేది కాదు. అక్కడే నిలబడి వేలాడుతున్న బాటిళ్లు చూసి వెళ్లిపోయేది.

తర్వాత ఆ సాయంత్రం వచ్చింది.

చూడ్డానికి వచ్చేవాళ్ల టైము. కడుపు ఆపరేషన్ అయిన ఒక అమ్మాయి పక్కన వాళ్లమ్మ కూర్చుంది. మధ్యలో ఉన్న మంచంలో ఒకాయన వాంతి చేసుకుంటుంటే బక్క సిస్టర్ ఆయన్ని పట్టుకుని నిలబడింది. ఆవిడ చెవి మాత్రం బెల్లు మీదే ఉంది. బెల్లు మోగలేదు. అమ్మాయి చేయి నొప్పి అని ఏడిస్తే వచ్చి చూసింది. బాటిల్ ఖాళీ. ట్యూబు ఎర్రగా ఉంది.

కొక్కెం పైకి లేవలేదు. ఎందుకంటే దానికి ఒక సంచి వేలాడుతోంది. అరటిపళ్లు, ఫ్లాస్కు, తుండు ఉన్న గుడ్డ సంచి. ఆ తల్లి తగిలించింది.

అమ్మాయికి ప్రాణగండం ఏమీ కాలేదు. కానీ పొడవాల్సినన్ని సార్లు పొడిచారు, మందు ఆలస్యమైంది, జ్వరం ఒక రోజు ఎక్కువ ఉంది. మర్నాడు విచారణ అన్నారు. పెద్ద కుర్చీలో పెద్ద డాక్టరు.

తమ్ముడు ఆ రాత్రంతా అటూ ఇటూ దొర్లి, పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. కొక్కెం తప్పు ఏమీ లేదని ఎలా నిరూపించాలో వాడికి తెలుసు. అందరి ముందూ స్టాండు నిలబెట్టాడు, సగం బాటిల్ తగిలించాడు, నీళ్లు వదిలాడు. కొక్కెం మెల్లగా లేచింది, బెల్లు మోగింది, మోటారు ట్యూబుని నొక్కేసింది. మళ్లీ చేశాడు. మళ్లీ మోగింది.

"అంటే మెషిన్ బాగానే ఉంది" అన్నాడు పెద్ద డాక్టరు.

"బాగానే ఉంది సార్."

"అయితే సిస్టర్ చూసుకోలేదు."

గోడ దగ్గర బక్క సిస్టర్ నిలబడి ఉంది. తమ్ముడు ఆమె వైపు చూడలేదు. కొక్కెం వైపు చూశాడు. వాడి నోట్లోంచి అవునూ రాలేదు, కాదూ రాలేదు. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే చాలు, కొక్కెం నిలబడుతుంది, అక్క పైకి వస్తుంది. ఊరుకోవడం ఎంత తేలికో వాడికి అప్పుడే తెలిసింది.

పెద్ద సిస్టర్ పిలిపిస్తే అక్క కూడా మొదట్నుంచీ అక్కడే ఉంది. తలుపు దగ్గర నిలబడ్డ అక్క చేతుల్లో ఇంకా ఒక దిండు గలీబు ఉంది, మడతపెడుతూ వచ్చేసింది కాబోలు.

"తప్పు కొక్కేనిది" అంది అక్క.

తమ్ముడు ఉలిక్కిపడ్డాడు.

"నీ కళ్లముందే పనిచేసిందిగా" అన్నాడు పెద్ద డాక్టరు.

"బాటిల్ ఒక్కటే తగిలిస్తే పనిచేస్తుంది సార్. ఇక్కడ బాటిల్ ఒక్కటే ఎప్పుడు తగిలించారు? నేల తుడిచేటప్పుడు సంచులు తడుస్తాయి, చీమలు పడతాయి, స్టాండుకి తగిలించుకోండమ్మా అని వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేది మేమే. నేను ఉన్నన్నాళ్లూ నేనూ చెప్పాను. పాత స్టాండుకి రెండు కొక్కేలుండేవి, ఒకటి బాటిల్‌కి, ఒకటి సంచికి. మేము పెట్టినదానికి ఒకటే ఉంది. ఆవిడ ఎక్కడ తగిలిస్తుంది? మేము చెప్పినట్టే చేసింది. అది తెలిసి కూడా, సంచి పట్టేంత కొక్కెం పెట్టాం. సంచి పడితే నోరు మూసుకునే బెల్లు పెట్టాం. ఆ బెల్లుని నమ్ముకోమని ఈ పిల్లకి చెప్పాం."

పెద్ద సిస్టర్ మెల్లగా అంది: "నువ్వు అలా అంటే వీటిని తీసేయాల్సి వస్తుంది."

"తీసేయండి మేడం."

"తర్వాత నీ సంగతి నేను అడగలేను."

"తెలుసు మేడం" అంది అక్క. దిండు గలీబు ఇంకోసారి మడతపెట్టుకుని వెళ్లిపోయింది.

బక్క సిస్టర్‌ని మందలించి వదిలేశారు. కొక్కేలన్నీ ఒక అట్టపెట్టెలో వేసి తమ్ముడి చేతికిచ్చారు. మెట్ల కింద అక్కని పట్టుకుని వాడు కడుపులో ఉన్నదంతా కక్కేశాడు.

"నీ కోసం చేశానే ఇదంతా. ఆయన ముందు నిన్ను నిలబెడదామనుకుంటే, చేతికందింది నువ్వే తన్నేశావు. ఆ పిల్ల నీకేమవుతుంది? చుట్టమా?"

"ఏమీ కాదు."

"మరి?"

"మరి ఏంట్రా? ఆ పిల్ల అక్కడ నిలబడ్డ చోటే నేను నిలబడ్డాను. అదే గోడ. ఇంకో మాట చెప్పాలా? ఆయన నోరు మూసుకున్నట్టే నువ్వూ మూసుకున్నావ్."

ఆ మాట పుండు మీద కారం చల్లినట్టు తగిలింది. అట్టపెట్టె అక్కడే పడేసి బయటికి నడిచాడు. చాలా రోజులు అక్క ఇంటి వీధిలోకే వెళ్లలేదు. కొట్టులో గిరాకీలతో తగువు, పక్క కొట్టువాడితో తగువు, పుస్తకాలతో కూడా తగువే, పేజీ తిప్పేసరికి ఒళ్లు మండి మూసేసేవాడు. కొక్కెం గుర్తుకు రాకుండా ఉండాలని రాత్రులు ఏవేవో మోటార్లు విప్పేవాడు. కొక్కెమే గుర్తొచ్చేది. సంచి ఉన్నా ఎలా మోగాలి? సంచి బరువుని బాటిల్ బరువులోంచి ఎలా తీసేయాలి? ఎంత బరువు సంచి వస్తుందో ముందే ఎవరికి తెలుసు?

ఒకరోజు అక్క ఆ అట్టపెట్టె చంకన పెట్టుకుని కొట్టుకి వచ్చింది. బల్ల మీద ధబ్బున దించింది.

"నీతో మాట్లాడ్డానికి రాలేదు. బెల్లుతో మాట్లాడ్డానికి వచ్చాను" అంది.

"బెల్లు బయటికి వెళ్లింది" అన్నాడు తమ్ముడు, తల ఎత్తకుండా.

"అయితే వచ్చాక చెప్పు. నేను వార్డులో బాటిల్ చూసేటప్పుడు ఎంత ఉందీ అని చూసేదాన్ని కాదు. తగ్గుతోందా లేదా అని చూసేదాన్ని. ఇందాకటికీ ఇప్పటికీ తగ్గకపోతే ఎక్కడో ఏదో అడ్డుపడినట్టే. పెరిగిందంటే ఎవరో ఏదో వేలాడదీసినట్టే. బాటిల్ దానంతటది పెరగదు కదా."

తమ్ముడు తల ఎత్తాడు. అంతసేపూ ఎంత బరువు ఎంత బరువు అని కొట్టుకున్నాడు. బరువు ఎంతైతే ఏం. సంచి ఉన్నా చుక్కలు పడుతున్నంతసేపూ తగ్గుతూనే ఉండాలి. తగ్గడం ఆగితే పిలవాలి. ఒక్కసారిగా పెరిగినా పిలవాలి, సంచి తీయించాలి.

స్ప్రింగు తీసి పారేశాడు. వంటింటి త్రాసుల్లో ఉండే బరువు తెలిపే చిన్న ముక్క, దాని పక్కన గోరంత చిప్పు పెట్టాడు. ఆ చిప్పుకి ప్రోగ్రాము రాయడం నేర్చుకోడానికి వాడు పడ్డ పాట్లు వాడికే తెలుసు. తప్పు రాసినప్పుడల్లా బెల్లు పిచ్చిపట్టినట్టు మోగేది, బావ చెవుల్లో దూది పెట్టుకుని అన్నం తినేవాడు. కొక్కేన్ని కొక్కెంలా కాకుండా సన్నని రింగులా చేశారు, బాటిల్ చెవి తప్ప ఇంకేదీ దూరకుండా. దానికి దూరంగా, స్టాండు కింది భాగంలో, సంచి కోసం వెడల్పాటి మేకు ఒకటి పెట్టించింది అక్క. "వద్దంటే వినరు. చోటిస్తే అక్కడే పెడతారు" అంది.

ఇంజనీరు మళ్లీ తిప్పి తిప్పి చూశాడు. ఈసారి బక్క సిస్టరే వార్డులో పెట్టి చూద్దామని అడిగిందట. వార్డు ఒప్పుకుంది, తర్వాత పక్క వార్డు అడిగింది. ఇప్పుడు ఆ హాస్పిటల్లో ఎక్కడ చూసినా స్టాండు నెత్తిన ఆ చిన్న డబ్బా ఉంటుంది. ట్యూబు మడతపడినా పిలుస్తుంది, బాటిల్ అయిపోతున్నా పిలుస్తుంది, పిల్లాడెవడైనా పట్టుకుని వేలాడినా పిలుస్తుంది.

అక్కని మాత్రం ఎవరూ పిలవలేదు. పెద్ద సిస్టర్ రిటైరై వెళ్లిపోయింది, ఆవిడతోపాటే ఆ మాటా వెళ్లిపోయింది. కొత్తగా వచ్చినావిడకి బట్టల గదిలో పనిచేసే ఆవిడ ఒకప్పుడు వార్డు నర్సని కూడా తెలియదు. బక్క సిస్టర్ ఇప్పుడు ఆ వార్డుకే పెద్ద. ఒళ్లు చేసి, ఆ పేరు పోగొట్టుకుంది. మెట్ల మీద అక్క ఎదురుపడితే ముఖం చాటేసి, ఫోను చూసుకుంటూ వెళ్లిపోతుంది.

తమ్ముడు తూనిక మెషిన్లు చేసే కంపెనీలో ఉద్యోగమొచ్చి వేరే ఊరు వెళ్లాడు. ఉద్యోగం బాగానే ఉంది, మనిషి బాగాలేడు. అక్కడా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు. వచ్చినప్పుడల్లా సంచి కూడా దించకుండా నేరుగా హాస్పిటల్ నేలమాళిగకి వెళ్లడం అలవాటు. చివరిసారి వెళ్లినప్పుడు అక్క దుప్పట్ల గుట్టల మధ్య స్టూలు మీద కూర్చుని ఉంది. గదంతా వేడి ఇస్త్రీ వాసన. జుట్టు చాలా తెల్లబడింది. మోకాళ్లకి పట్టీ.

వాడు నిలబడే మొదలుపెట్టాడు. పెద్ద డాక్టరు పైన కొత్త బిల్డింగుకి తెరతీశాడట, మెషిన్ల గురించి ఉపన్యాసం కూడా ఇచ్చాడట. బక్క సిస్టర్ ఇందాక గేటు దగ్గర కనపడి చూడనట్టు పోయింది, ఎవరి వల్ల ఉద్యోగం మిగిలిందో మరిచిపోయింది. ఇంకా పైకి ఎక్కి అడగాల్సిన మనుషులు ఉన్నారు, ఇప్పుడైనా అడగాలి. ఒక దుప్పటి తీసి తనూ మడతపెట్టబోయాడు, వంకరగా వచ్చింది, మళ్లీ విప్పాడు.

అక్క వాడి చేతిలోంచి దుప్పటి తీసుకుంది.

"ఆ పిల్ల చూడకపోతే నాకేం లోటురా. నన్ను చూస్తే దానికి ఆ రోజు గుర్తొస్తుంది, అందుకే తప్పుకుంటుంది. నువ్వు మాత్రం ఆ రోజుని చూడ్డానికే ఇంత దూరం వస్తావ్. వచ్చిన దగ్గర్నుంచీ నా మోకాలు ఎలా ఉందని అడిగావా? బావ ఎలా ఉన్నాడని అడిగావా?" అంది. దుప్పటి మూలలు కలిపి పట్టుకుని, వాడి వైపు చూసి కాస్త నవ్వింది. "ఈసారి వచ్చేటప్పుడు నువ్వు ఒక్కడివే రా, స్క్రూ. ఆ డాక్టర్ని వెంటేసుకుని రాకు."